నాలుగోవాడి అడుగు

వచ్చాడు. థర్మన్ గ్యాడ్సన్ మెడ తిప్పలేదు, తిప్పాల్సిన పనీ లేదు, ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన ముందొచ్చింది, దాని వెనకే గంజి పెట్టిన చొక్కా వాసన, ఆ రెండూ ఒకే ఒంటి మీద కలిసి తిరగడం దక్షిణ జార్జియా మొత్తంలో వర్డెల్ ప్రిడ్జన్‌కే చెల్లింది. చచ్చినా రానన్నాడు. ఆ మాట చావుల మీద బతికేవాడి నోట్లోంచి రావడం చూసి అప్పుడు నవ్వొచ్చింది గానీ ఆ తర్వాత ఎన్ని రోజులైనా మళ్ళీ నవ్వు రాలేదు. ఇప్పుడు వచ్చి, ఇంత మైదానంలో ఇంకెక్కడా చోటు లేనట్టు ఆఖరి వరసలో థర్మన్ పక్కనే కుర్చీ లాక్కుని, ఒళ్ళో తడి కాగితం సంచీ పెట్టుకుని కూర్చున్నాడు.

"రానన్నావుగా?"

"వాళ్ళ కోసం రాలేదు. నా కుర్చీలు చూసుకోడానికొచ్చాను."

"కుర్చీలకు కాళ్ళొచ్చి పారిపోతాయనా?"

"వాటికి కాళ్ళు ఎప్పుడూ ఉన్నాయి. లేనిది నీకే," అని వర్డెల్ అతని మోకాళ్ళ వంక చూసి ఒక కాయ ఒలుచుకున్నాడు.

కుర్చీలు వాడివే, ఆ మాట నిజం, ప్రతి దాని వీపు మీదా ప్రిడ్జన్ అంత్యక్రియల సంస్థ అని తెల్లరంగుతో అచ్చు వేసి ఉంది, పెళ్ళికైనా చావుకైనా ఈ ఊళ్ళో మడత కుర్చీలంటే అవే, మనసులో ఎంత కుతకుతలాడుతున్నా కుర్చీలు మాత్రం పొద్దున్నే బండిలో పంపించాడు, వాడంతే, మనిషి అలుగుతాడు గానీ వాడి చెయ్యి అలగదు. పైన్ చెట్ల పుప్పొడి వాటి మీద పసుపు చల్లినట్టు పడుతోంది. టాల్వర్ కాలేజీ మైదానంలో ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. కాలేజీలో తక్కిన అన్నదమ్ముల సంఘాల వాళ్ళంతా ఎవరి రంగులు వాళ్ళు వేసుకుని, ఎవరి బెంచీల దగ్గర వాళ్ళు గుంపుగా నిలబడ్డారు, మాటల్లో పెద్దగా నవ్వు లేదు, చూడ్డానికి వచ్చారు, తొమ్మిదేళ్ళుగా మూతబడ్డ థర్మన్ వాళ్ళ సంఘం శాఖ ఇవాళ మళ్ళీ బతుకుతుందో లేదో చూడ్డానికి. ఇటుకరంగు వేసిన ఆ శాఖ బెంచీ తొమ్మిదేళ్ళు ఒంటరిగా ఉంది, రంగు పెచ్చులు లేచిపోయింది, అయినా దాని మీద ఒక్కరు కూర్చోలేదు, శత్రు సంఘాల కుర్రాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవాళ్ళట, ఎవరిదో సమాధి మీద అడుగు వేయనట్టు. ఆ మాట విన్న రోజు థర్మన్‌కి గర్వమో దుఃఖమో తెలీలేదు, కారు పక్కకు ఆపుకుని కాసేపు కూర్చున్నాడు.

ఇంక వచ్చేస్తారు, ఈ ఏటి లైను, తమ్ముళ్ళు కాబోయే పిల్లలు. ఆరుగురు. ముసుగులు వేసుకుని, పొట్టివాడు ముందు, పొడుగువాడు చివర, ముందువాడి వీపుకు వెనకవాడి రొమ్ము ఆనించి, ఒకే మనిషికి పన్నెండు కాళ్ళున్నట్టు నడిచి వస్తారు, బూట్ల దరువుతో అడుగులు వేస్తారు, ముసుగులు తీస్తారు, ఒక్కొక్కడూ తన పేరు చెప్పుకుంటాడు, చివరికి అందరూ కలిసి కూత వేస్తారు. ఈ సంఘాన్ని కట్టినవాళ్ళు రైలుపట్టాల మీద పనిచేసే తండ్రుల కొడుకులు, అందుకే కూత. రైలు కూత పొడుగ్గా. దానికి పాతవాళ్ళలోంచి ఒకడు లేచి రెండు పొట్టి కూతలు తిరిగి వెయ్యాలి, అప్పుడు తక్కిన పాతవాళ్ళంతా అందుకుంటారు, అప్పుడే ఆ పిల్లలు తమ్ముళ్ళయినట్టు. కూత వేసి జవాబు రాకపోతే అంతే సంగతులు, కేంద్ర సంఘం ముద్ర కొట్టిన పత్రం గోడకు ఉంటుంది గానీ ఈ మైదానంలో వాళ్ళ ముఖం చూసే వాడుండడు. ఆ జవాబు పిల్లల్ని తీర్చి పెంచినవాడు ఇవ్వకూడదు. అది మొదటినుంచీ ఉన్న కట్టు, కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆ లైనును పెంచినవాడు నోరు కట్టుకుని కూర్చోవాలి, ఇంకొకడు లేవాలి. పెంచింది థర్మన్. ఆ ఇంకొకడు ఎవరో ఎవరూ పైకి అనలేదు గానీ, ముందు వరసల్లో చేతులు కట్టుకుని కూర్చున్న పాతవాళ్ళంతా ఇందాకటి నుంచీ ఏదో వంకన వెనక్కి తిరిగి వర్డెల్ వంకే చూస్తున్నారు. వాడు లేస్తే వీళ్ళు లేస్తారు. వాడేమో శనక్కాయ తింటున్నాడు.

ఆ మెడ. పక్కన కూర్చుంటే ఇప్పుడు ముఖం కనిపిస్తోంది గానీ థర్మన్‌కి వర్డెల్ అంటే ముందు మెడే, వెనకనుంచి మెడ, జుట్టు అంచు కింద పప్పు గింజంత పుట్టుమచ్చ, తాము చేరినప్పటి ఎనిమిదిమంది లైనులో వాడు నాలుగు, తను ఐదు, అంగుళం తేడా, ఆ అంగుళం పుణ్యమా అని ఒక చలికాలమంతా వాడి మెడకు ముక్కు ఆనించి నడిచాడు, భోజనాల హాలుకు అలాగే, స్నానాలకు అలాగే, వాడు తుమ్మబోతే వాడి కన్నా ముందు తనకు తెలిసేది. అప్పటి పాతవాళ్ళు పచ్చి ఉల్లిపాయలు యాపిల్ పళ్ళలా కొరికించారు. చెక్కతో కొట్టారు, వంగోబెట్టి కొట్టారు, కొట్టినవాళ్ళు తర్వాత డాక్టర్లూ జడ్జీలూ అయ్యారు, పెళ్ళిళ్ళకొచ్చి కావలించుకున్నారు. దాని మీద తనకు ఇప్పుడు కోపం లేదు, గర్వమూ లేదు, వర్డెల్‌కు మాత్రం గర్వం, ఏ నలుగురు కూడినా ఆ చెక్క దెబ్బల కథే చెబుతాడు, దెబ్బకు దెయ్యం వదులుతుందంటాడు. తనకు గుర్తుండిపోయింది అది కాదు. గుర్తుండిపోయింది ఆఖరి రోజు, ఇదే మైదానం, ఇదే వేళ, ముసుగుల్లో చెమట కళ్ళలోకి కారుతుంటే ఎనిమిది జతల బూట్లు ఒకే దరువు కొడుతున్నాయి, జనం ఊగిపోతున్నారు, అప్పుడు ఆ మెడ ఉన్నట్టుండి కళ్ళ ముందునుంచి మాయమైంది.

జారాడు. ఎడమకాలు జారింది, మోకాలు నేలకు తగలబోయింది, భుజం ఒక పక్కకు కూలి, మళ్ళీ ఎలాగో పైకి లేచాడు. ఊరంతా చూస్తోంది. ఎన్నో వారాలు తిండీ నిద్రా మానుకుని నేర్చుకున్న అడుగు ఒక్కడి వల్ల బూడిదైపోతుంది, వాణ్ణి జన్మంతా జారినోడనే పిలుస్తారు, ఇదంతా ఆలోచించడానికి దరువులో సందు ఎక్కడిది, థర్మన్ ఆలోచించలేదు, నిజంగా ఆలోచించలేదు, తన ఎడమకాలు కూడా జార్చాడు. మోకాలు నేలకు తగలబోయేదాకా. భుజం కూల్చి, లేచాడు. వెనక ఆరోవాడు జారాడు. ఏడోవాడు. ఎనిమిదోవాడు తాటిచెట్టంత మనిషి, వాడూ జారి లేచాడు, అల ఒకటి వచ్చి వెళ్ళినట్టయింది, జనం వెర్రెత్తి అరిచారు, ఏం అడుగురా అది, ఎక్కడా చూడలేదే అని. ముందున్న ముగ్గురికి ఏం జరిగిందో రాత్రి దాకా తెలీదు. మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర వర్డెల్ పళ్ళెం పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూడకుండా, "ఎలా ఉందిరా నా అడుగు?" అన్నాడు. థర్మన్ బిస్కట్ రొట్టె మీద తేనె పోసుకుంటూ, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

అంతే, ఆ మాట మీద నలభై ఏళ్ళు దాటిపోయాయి. అది నాలుగోవాడి అడుగు అయింది. ప్రతి కొత్త లైనుకూ వర్డెలే వచ్చి నేర్పేవాడు, నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, ప్యాంటు మడిచి, "ఇది నేను కనిపెట్టింది, శ్రద్ధగా చూడండ్రా, కాలు జారినట్టుండాలి గానీ జారకూడదు" అని చెబుతుంటే వెనక నిలబడి థర్మన్ దగ్గు నటించేవాడు. అట్లాంటాలో వేస్తారు, షికాగో వెళ్ళిన వాళ్ళు అక్కడ పెళ్ళిళ్ళలో వేస్తారు, మొన్న ఒక పసివాడు వంటగదిలో వేస్తున్నాడని ఎవరో వీడియో పంపారు. చెప్పుకోలేనంత గర్వం, చెప్పుకోకూడదు కాబట్టి ఇంకా ఎక్కువ. ఒడెస్సాకు కూడా చెప్పలేదు, కట్టుకున్న పెళ్ళానికి. వర్డెల్ మాత్రం ఇచ్చింది తక్కువా, తండ్రి లేని కుర్రాళ్ళకు తండ్రిలా నిలబడ్డాడు, ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళందరికీ సూట్లు వాడివే, శవాలకని తెప్పించిన కొత్త సూట్లు, వీపు కత్తిరించి ఉండేవాటిని దర్జీ చేత కుట్టించి మరీ ఇచ్చేవాడు, "మీకు ముందు తొడుక్కోవాల్సినవాడు ఏమీ అనుకోడులే" అని భుజం తట్టి పంపేవాడు. రాష్ట్ర శాసనసభలో ఇవాళ ఒకడు కూర్చున్నాడు, మొదటి ఉద్యోగానికి శవం సూట్‌లోనే వెళ్ళాడు.

ఆ తర్వాత ఆ పిల్లవాడు. తొమ్మిదేళ్ళ కిందట, తమ తర్వాతి లైనుల వాళ్ళు, తమ చేతుల్లో అడుగు నేర్చుకున్నవాళ్ళే, ఒక పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి చెంపమీద కొట్టారు, ఎడమ చెవిలో కర్ణభేరి పగిలింది. వ్యవసాయ సలహాదారుగా అప్పుడింకా ఉద్యోగంలో ఉన్నాడు థర్మన్, మట్టి నమూనాల మధ్య కూర్చుని ఉంటే ఆ తల్లి వచ్చింది, ఏడవలేదు, "మీవాళ్ళు నా కొడుకును తమ్ముణ్ణి చేశారండీ. ఇప్పుడు ఎడంవైపు నుంచి తమ్ముడూ అని పిలిచినా వాడికి వినపడదు," అంది. ఆ మాట ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తగులుతుంది, పళ్ళు తోముకుంటుంటే, సిగ్నల్ దగ్గర ఆగితే. శాఖ మూసేశారు. మళ్ళీ తెరుస్తామంటే, పెంచేది నేనే, పిల్లల మీద చెయ్యి పడదు, అదే నా షరతు అని కేంద్ర సంఘానికి చెప్పి వచ్చాడు. వర్డెల్ మండిపడ్డాడు. "దెబ్బ తినకుండా తమ్ముడెలా అవుతాడ్రా? కాగితం తమ్ముళ్ళు. వాన పడితే కరిగిపోతారు. ముందువాడి వీపు కాయడం పుస్తకంలో చదివితే వస్తుందా?" తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు వాడికి. జవాబు థర్మన్ నాలుక చివరే ఉంది, అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఆ రోజు నేను జారింది చెక్క దెబ్బల వల్ల కాదురా, నీ మెడ వల్ల, నిన్ను ఎరుగుదును కాబట్టి, అని ఒక్క మాట అంటే చాలు వాదం గెలుస్తాడు. గెలిస్తే నాలుగోవాడి అడుగు నాలుగోవాడిది కాకుండా పోతుంది. నలభై ఏళ్ళు దాచింది ఒక వాదం కోసం తీసి బజారున పెడతాడా? పెట్టడు. మింగాడు. మింగి, శనక్కాయల వాసన లేకుండా మొన్నటి చలికాలం గడిపాడు, ఇన్నేళ్ళలో వర్డెల్ గడప తొక్కని చలికాలం అదొక్కటే, ఒడెస్సా కూడా, "ఏమయ్యా గ్యాడ్సన్, మీ నల్లకోటు మొగుడు రావడం మానేశాడేం?" అని అడిగింది.

కొట్టకుండా ఏం చెయ్యాలి మరి? తనకు తెలిసింది మట్టి ఒక్కటే. కాబట్టి ఆరుగురినీ తీసుకెళ్ళి ఒంటరి ముసలమ్మల పెరళ్ళలో ఉల్లిమళ్ళు, ఆకుకూర మళ్ళు కలుపు తీయించాడు, ఒకే సాలులో, ఒకడి వెనక ఒకడు, ఒకడు వెనకబడితే అందరూ సాలు మొదటికి. జావియన్ లైనులో రెండోవాడు, సవానా పట్నం పిల్లవాడు, గడ్డికీ ఉల్లికీ తేడా తెలీదు, ఉల్లి పీకి గడ్డి ఉంచాడు, ఎన్నిసార్లు మొదటికి రావాల్సి వచ్చిందో, వాడి వెనక మలాకై అనేవాడు, బక్కపలచని పిల్లాడు, కళ్ళద్దాలు, ముందు పళ్ళు నూరాడు, తర్వాత తిట్టాడు, ఇంకో శనివారం నాటికి ఏమీ అనకుండా జావియన్ భుజం మీదుగా చెయ్యి చాపి అది ఉల్లిరా అని చూపించడం మొదలెట్టాడు. థర్మన్ కంచె పక్కన కుర్చీ వేసుకుని అదంతా చూశాడు, ఆ చెయ్యి చాపడం చూశాడు. రాత్రిళ్ళు తన ఇంటి భోజనాల బల్ల దగ్గర అడుగులు. ఆపరేషన్ చేసి ఇనుప మోకాళ్ళు వేయించుకున్నవాడు నిలబడి నేర్పలేడు కదా, అరచేతులతో బల్ల మీద దరువు కొట్టి, ఇది కుడికాలు, ఇది ఎడమ, ఇక్కడ నాలుగోవాడి అడుగు. ఇది ఎవరు పెట్టారు సార్ అని మలాకై అడిగాడు. "ప్రిడ్జన్ గారు కనిపెట్టింది. ఆయన్ని చూస్తే లేచి నిలబడండి," అన్నాడు థర్మన్. అసలు సంగతి చెప్పలేదు. బల్ల కాలు ఒకటి వదులైంది, ఒడెస్సా దాని కింద మడత పెట్టిన అట్టముక్క దూర్చి అందరికీ మళ్ళీ చిక్కుడుగింజల కూర వడ్డించింది.

వస్తున్నారు. గ్రంథాలయం మూల తిరిగి, ఇటుకరంగు ముసుగులు, బూడిదరంగు చొక్కాలు, అబ్బ, ఎంత దగ్గరగా ఉన్నారు, మధ్యలో గాలి దూరదు. మొదటి దరువు పడింది, ఆరు జతలు, ఒకే చప్పుడు, థర్మన్ అరచేతులు తమంతట తామే తొడల మీద ఆడాయి. ముసుగులు తీశారు, పేర్లు చెప్పారు, జావియన్ గొంతు కీచుమంది, ఎవరో నవ్వారు, పోనీ. నాలుగోవాడి అడుగు వచ్చింది, ఆరుగురూ ఒక్కసారే జారి ఒక్కసారే లేచారు, నీటుగా, ముందు వరసలో ఒకరిద్దరు తలలు ఆడించారు, వర్డెల్ మాత్రం, "బాగా బట్టీ పట్టారు" అన్నాడు, ఇంకో కాయ తీశాడు. అయిపోవచ్చింది, ఇంక ఒక మలుపు, ఆ మలుపు తర్వాత కూత. ఆ మలుపులో, పుప్పొడి పరుచుకున్న సిమెంటు మీద, జావియన్ కాళ్ళు రెండూ తేలిపోయాయి, పడ్డాడు, పూర్తిగా కాదు, కుడి అరచెయ్యి నేలకు చప్పుమని కొట్టుకుంది, దాని మీద ఆని లేచాడు. ముందున్న మొదటివాడికి తెలీదు, వాడు పోతున్నాడు. ఉల్లి పీకి గడ్డి ఉంచినవాడు అందరి ముందూ పడ్డాడు, ఇప్పుడు, ఇప్పుడే, మలాకై కళ్ళద్దాలు ఎండలో ఒకసారి తళుక్కుమన్నాయి, వాడు కిందికి వాలాడు, కుడి అరచెయ్యి నేలకు చప్పుమనిపించి లేచాడు. నాలుగోవాడు, చప్పున. ఐదు. ఆరు. జనం గావుకేక పెట్టారు. ఆడపిల్లలు కుర్చీలెక్కారు, కొత్త అడుగు, కొత్త అడుగు అని. నేనేమీ చెప్పలేదు, థర్మన్ లోపల ఎవరో అంటున్నారు, నేను వీళ్ళకు చెప్పనేలేదు, బల్ల మీద ఇది లేదు, ఇది ఎక్కడా లేదు.

పక్కన శనక్కాయ ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"అది అడుగులో లేదు," అన్నాడు వర్డెల్.

"లేదు."

"రెండోవాడు పడ్డాడు."

"పడ్డాడు."

"మరి వెనక ఆ కళ్ళద్దాలవాడు..." వర్డెల్ పూర్తి చెయ్యలేదు. గింజ వేళ్ళ మధ్యే ఉండిపోయింది, ఉప్పునీళ్ళు మణికట్టు మీదుగా తెల్లటి చొక్కా చేతిలోకి కారుతున్నాయి, గంజి చొక్కాకు చుక్క తగిలితే ఇల్లు పీకి పందిరి వేసేవాడు, తుడుచుకోలేదు. అక్కడ ఆరుగురూ వరసగా ఆగారు. రొమ్ములు ఎగిరెగిరి పడుతున్నాయి. తలలు వెనక్కి వాల్చి కూత వేశారు, పొడుగ్గా, పట్టాల మీద దూరం నుంచి వచ్చే రైలులాగే, గ్రంథాలయం గోడకు తగిలి తిరిగొచ్చింది, ఆగిపోయింది. ఇంక జవాబు. పాతవాళ్ళ తలలన్నీ వెనక్కి తిరిగాయి. థర్మన్ గొంతులో రెండు కూతలూ కొట్టుకుంటున్నాయి, పెదవి పళ్ళతో పట్టి ఆపాడు, ఆపినంత సేపూ జావియన్ ముఖమే చూశాడు, ఆ పిల్లవాడు అరచెయ్యి తొడకు తుడుచుకుంటున్నాడు, రక్తం కాబోలు, నా వల్లే జవాబు రాలేదనుకుంటున్నాడు, కాదురా నాయనా, నీ వల్ల కాదు.

భుజం మీద బరువు పడింది. వర్డెల్ దాని మీద ఆని లేస్తున్నాడు. లేస్తూ, తడిచేత్తో థర్మన్ భుజం నొక్కి, ముందుకే చూస్తూ, చాలా మెల్లిగా అన్నాడు.

"నాదీ జారిందేరా."

"నాకేం తెలుసు?" అన్నాడు థర్మన్.

"ఐదోవాడివి, నీకు తెలీకేం," అని వర్డెల్ తల వెనక్కి వాల్చి రెండు కూతలు వేశాడు. మొదటిది పగిలింది. రెండోది మైదానం దాటింది. మడత కుర్చీలు టపటపా మూసుకుపోతూ పడిపోయాయి, పాతవాళ్ళంతా ఒక్కసారి లేచారు, కూత మీద కూత, ఆరుగురు పిల్లలూ ఏడుస్తూ నవ్వుతూ ఒకరినొకరు పట్టుకున్నారు, శత్రు సంఘాల వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు, థర్మన్ ఏడ్చాడు, దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి, ఇంత గర్వం ఒంట్లో పట్టక కళ్ళలోంచి వస్తే తప్పేముంది. ఆ తర్వాత వాడుక ప్రకారం పాతవాళ్ళంతా వెళ్ళి లైను చివర కలవాలి, ఆఖరివాడి వెనక, వీపుకు రొమ్ము ఆనించి, మైదానం చుట్టూ ఒక చుట్టు. వర్డెల్ కుర్చీల మాటే మరిచిపోయి ముందుకు నడిచాడు. థర్మన్ ఇనుప మోకాళ్ళతో వెనకే వెళ్ళాడు, వెళ్ళి తన చోట నిలబడ్డాడు, అంగుళం తేడా ఇప్పుడు లేదు, ఇద్దరూ కుంగిపోయారు, జుట్టు నెరిసింది, పుట్టుమచ్చ మాత్రం అక్కడే ఉంది. దరువు మొదలైంది. నాలుగోవాడి అడుగు వచ్చింది, కళ్ళ ముందున్న మెడ ఒక పక్కకు కూలింది, అది అడుగు కోసం కూలిందో వయసు వల్ల కూలిందో వెనకనుంచి తెలీలేదు. ఎందుకైనా మంచిదని థర్మన్ కూడా జారాడు.